మామ్మ చెప్పిన పెరన్ చెట్టు

పోయిన చలికాలం మా స్కూలు పిల్లల్ని విహారయాత్రకి ఒక కొండ ఊరు తీసుకెళ్లాం. ఆ ఊళ్లో దొరల కాలం నాటి పెద్ద తోట ఉంది. గులాబీలు చూశాం, గాజు గదిలో ఆర్కిడ్లు చూశాం, గడ్డి మీద కూర్చోకూడదన్న బోర్డులు చూశాం. చివరికి ఫెర్న్ హౌస్ అని రాసి ఉన్న చోటికి చేరాం. మెట్లు దిగి లోపలికి అడుగు పెట్టగానే తడి నాచు, పాత రాయి, మగ్గిన ఆకు కలిసిన వాసన ముక్కుకి తగిలింది. పైన చెక్క పట్టీల కప్పు. గోడల నిండా రకరకాల ఫెర్న్ మొక్కలు. మధ్యలో ఎత్తుగా ఒక నల్లటి మాను, దాని నెత్తిన గొడుగులా విచ్చుకున్న ఆకులు. ఆరో తరగతి పిల్ల ఒకతి దాని కింద నిలబడి, తల వెనక్కి వాల్చి చూసి, "మేడమ్, ఇది చెట్టా, ఆకుకూరా?" అని అడిగింది.

నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. పిల్లలందరూ నన్నే చూస్తున్నారు, తోటి టీచరు మోచేత్తో పొడుస్తోంది, అయినా ఆగలేదు. సరిగ్గా ఆ మాట మీదే ఒకప్పుడు మా వీధిలో ఇద్దరు ముసలమ్మలు నెలల తరబడి మాట్లాడుకోవడం మానేశారని ఆ పిల్లకి ఎలా చెప్పను?

మాది నర్సీపట్నం. మా ఇల్లు చర్చి వెనక వీధిలో ఉండేది. పెంకుటిళ్లు, ఇంటి ముందు అరుగులు, అరుగు కింద కాలవ. చెరకు ఆడే రోజుల్లో ఊరి చుట్టుపక్కల నుంచి బెల్లం పాకం వాసన గాలిలో తేలివచ్చేది. వేసవి మొదట్లో ఎవరో ఒకరి పెరట్లో జీడిపిక్కలు కాలుస్తుంటే ఆ పొగకి కళ్లు మండేవి, నోరూరేది. నాన్నకి మెయిన్ రోడ్డు మీద రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసే చిన్న కొట్టు ఉండేది. ఆయన ఇంటికి వస్తే ఆయనకంటే ముందు టంకం వాసన వచ్చేది.

మామ్మ, అంటే నాన్నగారి తల్లి, మాతోనే ఉండేది. మిషన్ ఆడపిల్లల హాస్టల్లో చాలా కాలం మేట్రన్‌గా చేసి రిటైరైన మనిషి. సన్నగా, పొట్టిగా ఉండేది. కళ్లజోడు జారిపోకుండా దానికి నల్ల దారం కట్టుకునేది. మాట మెల్లగా ఉండేది గానీ చెప్పిన మాట మీద గట్టిగా నిలబడేది. కూరలో ఉప్పు తక్కువైందంటే తక్కువైనట్టే.

మా ఎదురింట్లో ఇంకొక ఆవిడ ఉండేది. నేను ఆవిడని అమ్మమ్మ అనేదాన్ని. వాళ్లకి నాతవరం దగ్గర పొలాలు, చెరకు, జీడితోట ఉండేవి. కొడుకు ఒక కమాండర్ జీపు కొని కొండ మీదికీ కిందికీ తిప్పేవాడు. అమ్మమ్మ మామ్మకి పూర్తిగా వ్యతిరేకం. పెద్ద మనిషి, పెద్ద గొంతు, రూపాయి బిళ్లంత బొట్టు. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని, అలాగే మాట్లాడేది. ఒక్క మాట తడబడేది కాదు. ఆ విద్య నేర్చుకుందామని నేను ఒకసారి అగరొత్తితో ప్రయత్నించి నాలుక కాల్చుకున్నాను. మా అమ్మ తిట్టింది. అమ్మమ్మ మాత్రం వెన్న తెచ్చి నాలుకకి రాసి, "ముందు ఆరిపోయిన సుట్టతో నేర్సుకోవాలే గుంటా" అంది.

వాళ్లిద్దరూ ఒకరినొకరు వొదినా అని పిలుచుకునేవారు. మామ్మ ఆదివారం గుడికి వెళ్లొచ్చాక, అమ్మమ్మ సోమవారం గుడికి వెళ్లొచ్చాక, ఏ గుళ్లో ఎవరు ఎలాంటి చీర కట్టుకొచ్చారో చెప్పుకునేవారు. క్రిస్మస్‌కి మా ఇంటి నుంచి కేకూ అరిసెలూ అటు వెళ్లేవి. నాగుల చవితికి నువ్వుల చిమ్మిలి ఇటు వచ్చేది. ఆ వరసల వల్ల నాన్నా, జీపు తోలే అమ్మమ్మ కొడుకూ బావా అంటే బావా అనుకునేవారు. నాకు ఆయన మావయ్య.

ఆ రోజుల్లో సాయంత్రం అయితే చాలు కరెంటు పోయేది. టీవీలు ఆగిపోయేవి. వీధిలో ఆడవాళ్లందరూ మా అరుగు మీదికి చేరేవారు. అప్పుడు మామ్మ చెప్పేది, తను పుట్టిన తోట గురించి.

మామ్మ వాళ్ల నాన్న కొండ మీద ఒక దొర బంగళాలో తోటమాలి. ఆ దొరకి ఫెర్న్ మొక్కల పిచ్చి. నేల తవ్వించి, రాతి గోడలు కట్టించి, పైన చెక్క పట్టీలు పరిపించి, వాటి కోసం ఒక చల్లటి ఇల్లు కట్టించాడు. మామ్మ దాన్ని పెరన్ హౌసు అనేది. అందులో గోడలకి వేలాడేవి, రాళ్లలో మొలిచేవి, నీళ్లలో తేలేవి అన్నీ ఉండేవిట. వాటన్నిటికీ రాజులా మధ్యలో పెరన్ చెట్లు.

"ఓడలో వచ్చినాయి అవి" అనేది మామ్మ. "ఇసాకపట్నంలో దించి, తడి గోనెలు సుట్టి, ఎడ్లబండ్ల మీద కొండెక్కించినారు. మా అయ్య బండి ఎనకాలే నడిసి, దారంతా నీలు సల్లుకుంటా ఎల్లినాడు. మొవ్వులోంచి కొత్తాకు వస్తాది సూడు, కోతి తోక సుట్టుకున్నట్టు వస్తాది. ఒళ్లంతా గోధుమ రంగు బొచ్చు. రోజుకి కొంచెం కొంచెం ఇప్పుకుంటాది. ఎండాకాలం నిచ్చెన ఏసుకుని పైకెక్కి మొవ్వులో నీలు పోసీవోరు."

ఆవిడ చేతులతో చూపించేది. నేను ఆ చేతులే చూసేదాన్ని. వేళ్లు ముడిచి, ఒక్కొక్కటీ విప్పేది. చీకట్లో ఆ వేళ్లే ఆకులు.

అందరూ బాగానే వినేవారు. అమ్మమ్మ కూడా వినేది, మధ్యమధ్య ఊ కొట్టేది. కానీ ఆవిడకి నమ్మకం లేదు. మా నూతి గట్టు మీద, తడి గోడ పగుళ్లలో, జానెడు ఫెర్న్ మొక్కలు మొలిచేవి. ఆవిడ వాటిని చూపించి, "ఇదే గదా వొదినా, ఇది సెట్టేటి అవుతాది" అనేది. మామ్మ అవుతుందనేది. అక్కడితో అయిపోయేది.

ఒక వానాకాలం సాయంత్రం అలా అయిపోలేదు. నాతవరం నుంచి అమ్మమ్మ వాళ్ల బంధువులు వచ్చారు. అరుగు నిండిపోయింది. కరెంటు పోయింది. ఎవరో మామ్మని తోట కథ చెప్పమన్నారు. మామ్మ మొదలుపెట్టింది. నిచ్చెన దగ్గరికి వచ్చేసరికి, బంధువుల ముందు హుషారెక్కిన అమ్మమ్మ నోట్లో చుట్ట తీసి, "అవునే, మా వొదినోళ్ల దేశంలో తోటకూర కొయ్యాలన్నా నిచ్చెనే, గోంగూర కొయ్యాలన్నా నిచ్చెనే" అంది.

అరుగు అరుగంతా నవ్వింది. నేను కూడా నవ్వాను. ఆ చీకట్లో మామ్మ మొహం కనిపించలేదు. నవ్వులన్నీ తగ్గాక, "నాను అబద్దాలాడతానేటి వొదినా?" అని మెల్లగా అడిగింది.

అమ్మమ్మ ఆ గొంతులో బాధ పోల్చుకోలేదు. "అబద్దం కాదులే, సిన్నప్పుడు సూసినావు గదా, సిన్నపిల్లలకి అన్నీ పెద్దగానే కనబడతాయి" అంది.

మామ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది.

తరవాత రోజు నుంచి మామ్మ అరుగు మీదికి రావడం మానేసింది. అమ్మమ్మ మొదటి రెండు రోజులూ వాకిట్లోంచి "వొదినా" అని పిలిచింది. మామ్మ పలకలేదు. దాంతో ఆవిడకీ పంతం వచ్చింది. పెద్దవాళ్ల పంతం మా పిల్లల పంతంలా పూటలో తేలేది కాదని అప్పుడే తెలిసింది నాకు. ఇద్దరికీ మధ్యలో నేను దొరికాను. వీధిలో నేను తొక్కుడుబిళ్ల ఆడుతుంటే అటునుంచి, "ఒసే గుంటా, మీ ఇంట్లో ఎవరికైనా కరేపాకు కావాలేమో, మా సెట్టు ఇరగసిగిరించినాది, సెప్పు" అని వినబడేది. ఇటునుంచి, "మన ఇంట్లో ఎవరికీ అక్కర్లేదని సెప్పవే" అని వినబడేది. నేను నోరు తెరిచే పనే ఉండేది కాదు. వీధి అంత వెడల్పేమీ కాదు మరి.

నాకు కథ కావాలి. రాత్రి పక్కలో చేరి అడిగితే, "నావన్నీ అబద్దాలు గదేటి, బళ్లో మీ టీచరమ్మనడుగు, నిజాలు సెప్తాది" అని అటు తిరిగి పడుకునేది. హాస్టల్లో అంతమంది పిల్లల అల్లరిని భరించిన మనిషి, ఒక్క నవ్వు దగ్గర అలా ముడుచుకుపోవడం నాకు అర్థమయ్యేది కాదు. ఇప్పుడు అర్థమవుతుంది. ఆవిడకి వాళ్ల నాన్న ఫొటో ఒక్కటి కూడా లేదు. ఆయన్ని తలుచుకోవాలంటే ఆ చెట్లే దిక్కు. చెట్లు అబద్ధమైతే ఆయన కూడా ఎంతో కొంత అబద్ధమైపోతాడు.

నాగుల చవితి వచ్చింది. ఎదురింటి నుంచి చిమ్మిలి రాలేదు. అమ్మ ఆ పూట వంటింట్లో గిన్నెలు కొంచెం గట్టిగానే పెట్టింది.

ఆ తరవాత ఒకరోజు మధ్యాహ్నం నేను నాన్నకి క్యారేజీ తీసుకెళ్లేసరికి కొట్లో మావయ్య కూర్చుని ఉన్నాడు.

"బావా, మా అమ్మ వరస బాలేదు" అంటున్నాడు. "అరుగు మీద కూకుంటాది, మీ గుమ్మం వైపే సూత్తాది. సుట్ట ఆరిపోయినా తెలీదు. తిండి కూడా తగ్గించీసింది."

"ఇక్కడా అంతే" అన్నాడు నాన్న. "అడిగితే వయసు అంటాది."

"ఇద్దర్నీ ఆ కొండ మీదకి తీసుకెల్లి సూపించీద్దారి. ఉంటే ఉన్నాది, నేకపోతే నేదు. ఏదో ఒకటి తేలిపోద్ది."

నాన్న టంకం కడ్డీ పక్కన పెట్టి ఆలోచించాడు. "లేకపోతేనో?" అన్నాడు. మావయ్య బల్ల మీదున్న రేడియో మీట అటూ ఇటూ తిప్పాడు.

మామ్మతో నాన్న ఇలా చెప్పాడు: కొండ మీద ఒక గుడిలో మైకు పాడైంది, బాగుచెయ్యడానికి వెళ్తున్నాను, దారిలో నీ తోట చూపిస్తాను. అమ్మమ్మతో మావయ్య వేరే చెప్పాడు: చింతపల్లి సంతలో రాజ్మా చవగ్గా ఉంది, వచ్చి బస్తా ఏరుకో. ఒకరి సంగతి ఒకరికి చెప్పలేదు. నాకు తెలుసు. నోరు విప్పితే జీపు ఎక్కనివ్వనని నాన్న బెదిరించాడు. నా జన్మలో అంత కష్టపడి ఏ రహస్యమూ దాచలేదు.

తెల్లవారుతుండగా జీపు వాకిట్లో ఆగింది. మామ్మ స్వెటర్ వేసుకుని, చెవుల మీదుగా శాలువా కట్టుకుని, వెనక సీట్లో సర్దుకుని కూర్చుంది. పక్కన నేను. అప్పుడు ఎదురింటి తలుపు తీసుకుని అమ్మమ్మ సంచీతో బయటికి వచ్చింది. జీపులో ఎవరున్నారో చూసింది. ఆగిపోయింది. మామ్మ కూడా చూసింది. అప్పటికే వీధిలో ముగ్గులు వేస్తున్న వాళ్లందరూ ముగ్గులు ఆపేశారు. ఇప్పుడు ఎవరు వెనక్కి తగ్గితే వాళ్లు ఓడిపోయినట్టు. అమ్మమ్మ జీపు ఎక్కి మామ్మకి ఎదురు సీట్లో కూర్చుని బయటికి చూడడం మొదలుపెట్టింది. మామ్మ రెండో వైపు బయటికి చూసింది. మావయ్య అద్దంలోంచి నాన్న వైపు చూసి జీపు ముందుకి ఉరికించాడు.

ఊరు దాటాక కాసేపు చెరకు తోటలు, తరవాత జీడితోటలు, ఆ తరవాత ఘాట్ రోడ్డు. చెక్‌పోస్టు దగ్గర పోలీసులు ఆపి లోపలికి తొంగిచూసి, మొహాలు చెరో వైపు తిప్పుకున్న ముసలమ్మల్ని చూసి, ఏమీ అడక్కుండానే పంపేశారు. పైకి పోయేకొద్దీ చలి. కొండవాలుల్లో వలిసె పూలు. వాలుకి వాలు పసుపు నీళ్లు కలిపి ఒలకబోసినట్టు. అది చూసి "అబ్బ" అన్నది ఇద్దరూ ఒకేసారి. వెంటనే ఇద్దరూ నోళ్లు మూసుకున్నారు.

మెలికలు ఎక్కువయ్యాయి. అమ్మమ్మకి కడుపులో తిప్పింది. కొడుకు జీపు తిప్పుతున్నా, తను ఎప్పుడూ ఎడ్లబండి, మహా అయితే బస్సు ఎక్కిన మనిషి. మొహం పాలిపోయింది. మావయ్య జీపు ఆపే లోపలే పక్కకి వంగింది. నాన్న దిగి నీళ్లు వెతుకుతున్నాడు. మామ్మ అప్పటికే అవతలి సీట్లోకి జరిగి, ఒక చేత్తో ఆవిడ నుదురు పట్టుకుని, రెండో చేత్తో వీపు రాస్తోంది. హాస్టల్ పిల్లలకి జ్వరాలొచ్చినప్పుడు అలాగే పట్టుకునేదిట. అయ్యాక కొంగుముడి విప్పి ఉప్పు రాసిన నిమ్మచెక్క తీసి ఆవిడ నోట్లో పెట్టింది.

అమ్మమ్మ నిమ్మచెక్క చప్పరించి, కళ్లు మూసుకుని, "సెప్పవే గుంటా, ఇప్పుడు బావుందని" అంది.

"సెప్పవే, మాటాడకండా పడుకోమని" అంది మామ్మ.

అక్కడినుంచి అమ్మమ్మ తల మామ్మ భుజం మీదే ఉంది. మాటలు మాత్రం లేవు.

బంగళా చేరేసరికి పొగమంచు విడిపోతోంది. గేటు తుప్పు పట్టి ఒక పక్కకి ఒరిగింది. ఏదో ఆఫీసు వాళ్లది అప్పుడు అది. ఎవరూ ఉండడం లేదు. వాచ్‌మన్ ఒకడే మంట వేసుకుని కూర్చున్నాడు. మామ్మ అతన్ని ఏమీ అడగలేదు. ఎప్పుడో చిన్నప్పుడు వదిలేసిన చోటు, అయినా నిన్ననే వచ్చినట్టు, బంగళా పక్కనుంచి తిన్నగా వెనక్కి నడిచింది. మేమందరం ఆవిడ వెనక పడ్డాం. పనస చెట్ల కింద నుంచి, కూలిన గోడ దాటి, మెట్ల దగ్గరికి వచ్చి ఆగింది.

పెరన్ హౌసు అక్కడే ఉంది. రాతి గోడలున్నాయి, స్తంభాలున్నాయి. కప్పు లేదు. చెక్క పట్టీలు ఎప్పుడో కిందపడి పుచ్చిపోయాయి. పైనుంచి ఎండ తిన్నగా లోపలికి దిగుతోంది. నీళ్లు తిరిగే కాలవలు ఎండిపోయి, వాటినిండా ముళ్ల పొదలు. మధ్యలో గుండ్రటి రాతి గట్టు. అందులో నల్లటి మొద్దులు. ముట్టుకుంటే పొడి రాలుతోంది.

వాచ్‌మన్ వెనకాలే వచ్చాడు. "ఇక్కడేవో చెట్లుండేవటమ్మా" అన్నాడు. "నేనొచ్చేటప్పటికే ఇలాగున్నాది. తుఫానుకి కప్పు పోయిందట, ఎండకి చెట్లు పోయాయట."

మామ్మ మొద్దు మీద చెయ్యి పెట్టి నిలబడింది. ఏడవలేదు. "ఇంత ఉండేది" అంది, ఎవరితోనో తెలీదు. చెయ్యి పైకెత్తబోయి దించేసింది. ఎంత ఉండేదో చూపించడానికి ఇప్పుడు ఏమీ లేదు మరి. నాన్న దగ్గరికి వెళ్లి భుజం పట్టుకున్నాడు. నాకు అమ్మమ్మ వైపు చూడాలంటే భయం వేసింది. ఇప్పుడు ఆవిడ ఏదైనా అంటే ఇంక మా వీధిలో ఎప్పటికీ ఏమీ బాగుపడదని నాకు తెలుసు.

అమ్మమ్మ గోడలు చూస్తోంది. కాలవలు చూస్తోంది. వంగి, ముళ్లు పక్కకి తోసి, కాలవ ఎటు వాలిందో చూసింది. లేచి అడిగింది.

"వొదినా, ఇక్కడ్నుంచి నీలెటు పోయేవి?"

నెలల తరవాత ఆవిడ మామ్మతో తిన్నగా అన్న మొదటి మాట అది.

మామ్మ తల తిప్పింది. "ఏటి?"

"నీలు. ఇన్ని సెట్లకి పోసిన నీలు ఎటో పోవాలి గదా. మా పొలంలో అయితే, గట్టు మీద ఏసిన విత్తనం గట్టు మీద సచ్చినా, కాలవ సివర మొలుస్తాది. నీలెటు పోయేవో సెప్పు."

"గెడ్డలోకి" అంది మామ్మ. గోడ అవతల, కింద, వాగు ఒకటి పారుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"గెడ్డలోకి ఎవరెల్తారమ్మా, పాములుంటాయి" అన్నాడు వాచ్‌మన్.

అమ్మమ్మ అప్పటికే చీర కుచ్చిళ్లు పైకి దోపేసింది. ఘాట్ రోడ్డు మీద సగం చచ్చిన మనిషి, ఒక కర్ర విరిచి చేత పట్టుకుని, కాలవ వెంబడి గోడ కన్నం దాటి వెళ్లిపోయింది. మావయ్య "అమ్మా, అమ్మా" అంటూ వెనక పడ్డాడు. కాసేపు ఆకుల చప్పుడు, కర్ర చప్పుడు, మావయ్య తిట్లు.

ఆ తరవాత కింద నుంచి అమ్మమ్మ గొంతు వినిపించింది. ఆ గొంతు అంత చిన్నగా నేను ముందెప్పుడూ వినలేదు.

"వొదినా. ఓ పాలి ఇలగ రా."

నాన్న మామ్మని ఇంచుమించు ఎత్తుకునే దించాడు. నేను పిర్రల మీద జారుకుంటూ దిగాను. గెడ్డ రెండు గట్లూ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. మధ్యలో రాళ్ల మీద నీళ్లు. ఎండ కిందికి రావడం లేదు. ఎందుకు రావడం లేదా అని తల ఎత్తాను.

మా నెత్తి మీద, గెడ్డ పొడవునా, పెరన్ చెట్లు. ఒకటి కాదు, రెండు కాదు. నల్లటి మాన్లు, రాలిన ఆకుల మచ్చలతో, పాము పొలుసుల్లా. ఒక్కో చెట్టు నెత్తినా ఆకుల గొడుగు. గొడుగుకి గొడుగు తగిలి పైన పచ్చటి కప్పు. చిన్నవి రాళ్ల సందుల్లో మోకాలెత్తున లేస్తున్నాయి. అన్నిటికంటే దగ్గరున్న చెట్టు మొవ్వులోంచి గోధుమ రంగు బొచ్చుతో, చుట్ట చుట్టుకుని, అచ్చం కోతి తోకలా కొత్తాకు వస్తోంది.

దొర తెచ్చిన చెట్లు చచ్చిపోయాయి. వాటి పిల్లలు మాత్రం ఎవరికీ చెప్పకుండా నీళ్ల వెంట కిందికి దిగి ఇక్కడ కాపురం పెట్టేశాయి. పైన ఒకప్పుడు ఉన్నవాటికంటే ఎక్కువే ఉన్నాయని తరవాత మామ్మే అంది.

మామ్మ ఒక చెట్టుకి రెండు చేతులూ చుట్టి, చెంప ఆనించి నిలబడింది. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తోందో, వాళ్ల నాన్నతో మాట్లాడుతోందో నాకు తెలీదు. అమ్మమ్మ పక్కనే నీళ్లలో నిలబడి పైకి చూస్తోంది. నోరు తెరుచుకుని ఉంది. చాలాసేపు అలాగే చూసి, చివరికి, "నిచ్చెన సాల్దు వొదినా" అంది.

మామ్మ నవ్వడం మొదలుపెట్టింది. చెట్టుని వదలకుండానే నవ్వింది. అమ్మమ్మ నవ్వింది. ఆ తరవాత ఇద్దరిలో ఎవరు ఏడ్చారో ఎవరు నవ్వారో చెప్పడం కష్టం. ఇద్దరూ ఒకరి కొంగుతో ఒకరు మొహాలు తుడుచుకున్నారు.

అక్కడే రాళ్ల మీద కూర్చుని భోంచేశాం. అమ్మ కట్టిచ్చిన పులిహోర, కోడి వేపుడు. అమ్మమ్మకి కార్తీకం ఇంకా వెళ్లలేదు. మా చేతుల్లో కోడి ముక్కలు చూస్తూ పులిహోర తింది. "ఈ నెల్లోనే సూపించాల్నా" అని కొడుకుని తిట్టింది. తిన్నాక సంచీలోంచి ఒక స్టీలు డబ్బా తీసి మా మధ్య పెట్టింది. మూత తీస్తే చిమ్మిలి.

"నాగుల సవితికి సేసినాను. ఉండిపోనాది" అంది ఎటో చూస్తూ.

మామ్మ ఒక ఉండ తీసుకుంది. "రాజ్మా ఏరుకోడానికి వచ్చినదానివి, చిమ్మిలి ఎందుకు తెచ్చినావు వొదినా?"

"గుంట కోసం."

"గుంట జీపు ఎక్కుతాదని నీకెలగ తెలుసు?"

అమ్మమ్మ డబ్బా మూత కోసం వెతకడం మొదలుపెట్టింది. మావయ్య నాన్న వైపు చూశాడు. నాన్న నా వైపు చూశాడు. ఒట్టు, నేను చెప్పలేదు. ఆవిడకి అంతా ముందే తెలిసిపోయిందని, అయినా కొడుకు చేతిలో మోసపోయినట్టు నటించిందని ఆ రోజే మాకు తెలిసింది.

నీళ్ల పక్కన తడి గట్టు మీద మామ్మ ఒక చిన్న ఫెర్న్ ఆకు తెంపింది. పైన పచ్చగా, కింద పిండి పూసినట్టు తెల్లగా ఉంది. "సిన్నప్పుడు మాకిదే పచ్చబొట్టు" అని, దాన్ని నా ముంజేతి మీద పెట్టి గట్టిగా ఒక్కటి కొట్టింది. ఆకు తీసేస్తే నా చేతి మీద తెల్లటి ఆకు, ఈనెతో సహా, అచ్చు దిగినట్టు. నేను వెర్రెత్తినట్టు తెంపి తెంపి రెండు చేతులూ, మొహం, కొత్త గౌను అంతా వేసుకున్నాను. అమ్మమ్మ కొంచెం సేపు చూసి, గాజులు పైకి తోసి చెయ్యి చాపింది. మామ్మ మంచి ఆకు ఏరి, ఊది, జాగ్రత్తగా పెట్టి, నెలల కోపమంతా కలిపి ఒక్కటి కొట్టింది. "సచ్చిపోనాన్రా నాయనా" అంది అమ్మమ్మ. గెడ్డ గెడ్డంతా నవ్వింది.

కిందికి వచ్చేటప్పుడు ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు. అమ్మమ్మకి మళ్లీ కడుపులో తిప్పలేదు. తిప్పడానికి ఖాళీ లేదు, దారంతా మాట్లాడుతూనే ఉంది. సంత సంగతి అందరం మర్చిపోయాం. రాజ్మా లేకుండానే ఇల్లు చేరాం.

ఆ సాయంత్రం కరెంటు పోగానే మా అరుగు నిండిపోయింది. కథ చెప్పింది మామ్మ కాదు, అమ్మమ్మ. చేతి మీద తెల్లటి ఆకు చెరిగిపోకుండా కొంగు దూరంగా పట్టుకుని, లాంతరు దగ్గరికి జరిగి అందరికీ చూపించింది. మొదటి రోజు చెట్లు కొబ్బరి చెట్లంత ఉన్నాయి. వారం తిరిగేసరికి తాటి చెట్లంత అయ్యాయి. వాగులో ఏనుగు దాక్కోవచ్చంది. మామ్మ పక్కనుంచి, "అంత లేదులే వొదినా" అని మెల్లగా అనేది. "నువ్వు ఊరుకో, నీకు సెప్పడం రాదు" అనేది అమ్మమ్మ.

ఆ తరవాత ఏటేటా వలిసె పూల రోజుల్లో జీపు కొండెక్కేది. ఒకసారి మా అమ్మ వచ్చింది. ఒకసారి అరుగు మీద ఆ రోజు నవ్విన వాళ్లు కూడా వచ్చారు. నేను పై తరగతులకి వచ్చాను, ఓణీ వేసుకున్నాను, కాలేజీలో చేరాను. నాన్న కొట్లో టేప్ రికార్డర్లు తగ్గి సెల్‌ఫోన్లు వచ్చాయి. వీధిలో ఒక్కో పెంకుటిల్లూ పోయి డాబా లేచింది, డాబాలకి అరుగులు లేవు. కరెంటు పోవడం తగ్గింది. ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు. మా ఇల్లున్న చోట బట్టల షాపు ఉంది. ఆ వీధిలో నడిస్తే నాకు ఏ గుమ్మం ఎక్కడుండేదో వెంటనే గుర్తు రాదు. కానీ వాళ్ల కేకలు ఏ మూల నుంచి ఏ మూలకి వెళ్లేవో మాత్రం కళ్లు మూసుకుని చెప్పగలను.

ఆఖరిసారి వెళ్లినప్పుడు మామ్మ మోకాళ్లు పూర్తిగా పోయాయి. చూపు కూడా మందగించింది. గెడ్డలోకి దించడం కుదరలేదు. జీపులోనే దిండు వేసి కూర్చోబెట్టాం. "నువ్వు సూసి రా వొదినా, నీ కల్లతో సూసి సెప్పు" అంది. అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని, ఒక్కో రాయీ తడుముకుంటూ దిగింది. ఆ ఏడు గాలివానకి పెద్ద చెట్లు కొన్ని పడిపోయాయి. మిగిలినవాటికి ఆకులు చిరిగి ఉన్నాయి. ఆవిడ అంతా తిరిగి చూసింది. మెల్లగా పైకెక్కి, జీపు తలుపు దగ్గర నిలబడి, ఆయాసం తీర్చుకుంది.

"ఉన్నాయేటి?" అంది మామ్మ.

"ఉండడమేటి. గెడ్డ సాల్నేదు, అవతలి కొండెక్కీసినాయి."

"కొత్తాకు వచ్చిందేటి?"

"ప్రతి సెట్టుకీ వచ్చినాది. ఇంతింత తోకలు. ఒకటి నన్ను కొట్టబోయినాది."

నేను అమ్మమ్మ వైపు చూశాను. ఆవిడ నా వైపు చూడలేదు. జీవితమంతా కూరలో ఉప్పు దగ్గర కూడా ఒక్క మాట ఎక్కువ చెప్పని మా మామ్మ, దిండు మీద కొంచెం ముందుకి వంగి అడిగింది.

"ఎంత పొడుగైనాయి వొదినా?"

అమ్మమ్మ తల వెనక్కి వాల్చి, ఆకాశంలోకి, అక్కడ ఏమీ లేని చోటికి, చాలాసేపు చూసింది.

"తాటిసెట్టు మీద తాటిసెట్టు నిలబెట్టినట్టు ఉన్నాయి" అంది.

మామ్మ వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. మొహమంతా నవ్వు పరుచుకుంది.

"నాను సెప్పలేదేటి" అంది.